సీసం లేని తూటా కోసం: ఒక .308 రైఫిల్ ప్రాజెక్టు డైరీ

జనవరి, మూడో వారం

ఈ ప్రాజెక్టు లక్ష్యం చిన్నది, గడువు స్పష్టమైనది. కాలిఫోర్నియా తీరప్రాంతంలోని ‘ఎ’ జోనులో జింకల రైఫిల్ వేట ఏటా ఆగస్టు రెండో శనివారం మొదలవుతుంది. ఆలోగా నా .308 విన్‌చెస్టర్ (అది తూటా కొలత పేరు) రైఫిల్‌లో గురి నిలకడగా కుదిరే, సీసం లేని తూటా ఒకటి నిర్ణయించుకోవాలి. దుకాణంలో దొరికేవాటిలో ఏదైనా కుదిరితే దానితోనే సరిపెట్టుకుంటాను. కుదరని పక్షంలో రాగి గుండ్లు (తూటాలోంచి దూసుకుపోయే భాగం) కొనుక్కొని తూటాలు నేనే నింపుకోవాలి.

రైఫిల్ పాతది. వయసు మీద పడి వేట మానుకున్న ఒక పెద్దమనిషి నుంచి, లైసెన్సున్న డీలరు ద్వారా చట్టప్రకారం బదిలీ చేయించుకొని తీసుకున్నాను. దానితోపాటు ఆయన సీసపు గుండ్ల తూటాల పెట్టెలు కూడా కొన్ని ఇచ్చారు. కాగితపు టార్గెట్ మీద అవి చక్కగా పనిచేస్తాయి గానీ ఈ రాష్ట్రంలో వాటితో వేటాడకూడదు. 2013లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేసిన ఏబీ 711 చట్టం దశలవారీగా అమలై, 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా పూర్తిగా వర్తిస్తోంది. తుపాకీతో ఏ వన్యప్రాణిని వేటాడినా, అది జింక కావచ్చు, అడవి పంది కావచ్చు, పొలం గట్టున తిరిగే ఉడుత కావచ్చు, గుండులో సీసం బరువు ఒక శాతం మించకూడదు. అంతేకాదు, వేటలో ఉండగా సీసపు తూటాలనూ వాటిని పేల్చగల తుపాకీనీ కలిపి దగ్గర ఉంచుకోవడమే నేరం. అందుకని పాత పెట్టెలన్నిటినీ వేట సంచికి దూరంగా, వేరే బీరువాలో పెట్టి తాళం వేశాను.

భారతదేశంలో ఇది చదివేవారి కోసం ఒక మాట ముందే చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. నేను రాసేదంతా కాలిఫోర్నియాలో, వేట శిక్షణ ధ్రువపత్రం, లైసెన్సు, భూయజమాని అనుమతి ఉన్న వేట గురించి మాత్రమే.

ఇక్కడే ఉన్న మనవాళ్ల కోసం ఇంకొకటి. మా ఆఫీసులో పనిచేసే ఒక కుర్రవాడు ఈ సంగతి విని, “అన్నా, ఈసారి నన్నూ తీసుకెళ్లండి, నేనూ ఒక తుపాకీ తీసుకుంటాను” అన్నాడు. అతను హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది గానీ, దాని మీద ఆధారపడేముందు ఇమిగ్రేషన్ లాయరును అడిగి తీరాలని అతనికి గట్టిగా చెప్పాను. నేనైతే గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా ఈ జోలికే పోలేదు. ఒక్క కేసు పడితే సంవత్సరాల తరబడి కట్టుకున్నదంతా కూలిపోతుంది.

ఫిబ్రవరి

పని మొదలుపెట్టే ముందు కారణాలు రాసి పెట్టుకుంటున్నాను. చట్టం ఉంది కాబట్టి పాటిస్తున్నాను అనుకుంటే ఈ ప్రాజెక్టు ఒక్క పూటలో అయిపోతుంది: ఏదో ఒక రాగి తూటాల పెట్టె కొంటే చాలు. కానీ ఆ తూటా నా రైఫిల్‌లో సరిగ్గా పనిచేయకపోతే జంతువు గాయపడి, చేతికి చిక్కకుండా ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. ఆ పాపం ఏ చట్టమూ తీర్చదు.

నేను వేటకు వెళ్లే పశువుల రాంచ్ శాన్ బెనిటో కౌంటీలో, పినకిల్స్ జాతీయ వనానికి దగ్గరలో ఉంది. పినకిల్స్‌లో 2003 నుంచి కాలిఫోర్నియా కాండార్‌లను వదులుతున్నారు. రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగుల దాకా ఉండే ఈ రాబందు జాతి 1982 నాటికి ప్రపంచం మొత్తం మీద 22 పక్షులకు పడిపోయింది. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టి, బోనుల్లో సంతానోత్పత్తి చేయించి, 1992 నుంచి మళ్లీ అడవిలోకి వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడు అడవిలోనివీ బోనుల్లోనివీ కలిపి అయిదు వందలు దాటాయి. ఇంత శ్రమ పడి వదిలిన పక్షులను అన్నిటికంటే ఎక్కువగా చంపుతున్నది సీసమే. కారణం తెలిసిన మరణాల్లో దాదాపు సగం దాని ఖాతాలోవే.

అది ఎలా జరుగుతుందో వేటగాడు అర్థం చేసుకోవాలి. సీసం మెత్తటి లోహం. సెకనుకు రెండు వేల అడుగులకు పైగా వేగంతో ఎముకను తాకినప్పుడు సీసపు గుండు ముక్కలై, చుట్టూ మాంసంలోకీ పేగుల్లోకీ చిమ్ముతుంది. వేటగాడు జంతువును అక్కడికక్కడే చీల్చి పేగులు పారేసి మాంసం తెచ్చుకుంటాడు. ఆ పేగుల మీద వాలిన కాండార్ వాటితోపాటు సీసపు నలకలనూ మింగుతుంది. ఎముకలను కూడా కరిగించగల దాని జీర్ణాశయంలోని ఆమ్లం ఆ సీసాన్ని కరిగించి రక్తంలోకి పంపుతుంది. మోతాదు ఎక్కువైతే అన్నవాహిక పనిచేయడం మానేస్తుంది; పొట్టలోకి ఆహారం దిగక పక్షి ఆకలితో చచ్చిపోతుంది. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో, సీసపు గుండ్లతో కొట్టిన జింకల పేగుల కుప్పలను ఎక్స్‌రే తీస్తే పదింట తొమ్మిదింటిలో సీసపు ముక్కలు కనిపించాయి. కొన్ని కుప్పల్లో అవి రెండు వందలకు మించి ఉన్నాయి.

మాది కాగజ్‌నగర్. బెజ్జూరు అడవుల్లో ప్రాణహిత ఒడ్డున పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయని 2013లో తెలిసినప్పుడు మా జిల్లాలో అదొక పెద్ద వార్త. అంతకుముందు డైక్లోఫెనాక్ అనే పశువుల మందు దేశంలోని రాబందులను ఊడ్చిపెట్టింది. మందు వేసిన పశువు చస్తే, దాని కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చచ్చేది. పశువులకు ఆ మందు వాడకుండా 2006లో ప్రభుత్వం నిషేధించింది. అక్కడ మందు, ఇక్కడ సీసం. కళేబరం తిని ఊరు శుభ్రం చేసే పక్షికి ఆ కళేబరంలోనే విషం పెట్టడం రెండు చోట్లా ఒకటే. అందుకే ఇది నాకు పరాయి దేశపు సమస్యలా ఎప్పుడూ అనిపించలేదు.

మూడో కారణం మా ఇంట్లోది. మొదటిసారి వేట మాంసం తెచ్చిన రోజున నా భార్య అడిగింది: “పిల్లలకు పెట్టే కూరలో సీసం లేదని మీకెలా తెలుసు?” 2008లో నార్త్ డకోటాలో ఒక వైద్యుడు, పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసాన్ని సీటీ స్కాన్ తీయించి సీసపు ముక్కలు చూపించినప్పుడు, అక్కడి అధికారులు ఆ మాంసాన్ని పారేయమని చెప్పారు. తర్వాత అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ రాష్ట్రంలో 736 మంది రక్తం పరీక్షించి, వేట మాంసం తినేవారిలో సీసం డెసిలీటరుకు 0.30 మైక్రోగ్రాములు ఎక్కువ ఉందని తేల్చింది. పెద్దవాళ్ల విషయంలో అది చిన్న అంకె కావచ్చు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పగల స్థాయి ఏదీ లేదని వైద్యులు అంటున్నప్పుడు, ఆ అంకెను తేలిగ్గా తీసుకోవడం నాకు చేతకాదు.

మార్చి

దుకాణాల చుట్టూ తిరగడంతోనే ఈ నెల సగం గడిచిపోయింది. రాష్ట్రంలో తూటాలు కొనేటప్పుడు నేపథ్య తనిఖీ కూడా యాదృచ్ఛికంగా 2019 జులై 1 నుంచే మొదలైంది. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టినా తూటాలు నేరుగా ఇంటికి రావు. లైసెన్సున్న దుకాణానికి వస్తే, అక్కడికి గుర్తింపు కార్డుతో వెళ్లి, తనిఖీ పూర్తయ్యాక రుసుము కట్టి తెచ్చుకోవాలి. అందుకని ఒక్కో పెట్టె విడివిడిగా తెప్పించుకోవడం కంటే, పరీక్షించదలచినవన్నీ ఒకేసారి తెప్పించుకోవడం మేలు.

.308 వాడేవారికి ఎంపిక బాగానే ఉంది. బార్న్స్ వారి వార్‌-టీఎక్స్ 130, 150, 168 గ్రెయిన్లలో (గుండు బరువు కొలిచే చిన్న ప్రమాణం), ఫెడరల్ వారి ట్రోఫీ కాపర్, హార్నడీ వారి సీఎక్స్ గుండు పెట్టిన 165 గ్రెయిన్లది మా ప్రాంతంలో కనిపిస్తున్నాయి. ఇరవై తూటాల పెట్టె నలభై అయిదు డాలర్ల నుంచి అరవై డాలర్ల దాకా పలికింది. రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల విభాగం ఆమోదించిన సీసరహిత గుండ్ల జాబితాను ప్రచురిస్తుంది. కొనేముందు ప్రతి పేరునూ అందులో సరిచూసుకున్నాను. పెట్టె మీద “కాపర్” అన్న మాట ఉన్నంత మాత్రాన చాలదు, ఎందుకంటే చాలా మామూలు గుండ్లకు పైన రాగి తొడుగు, లోపల సీసం ఉంటాయి.

ఏ బరువు ఎంచుకోవాలన్నది ఇక్కడ అసలు విషయం. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, రాగిది 8.96. కాబట్టి అదే మందం, అదే బరువు ఉన్న రాగి గుండు సీసపు గుండుకంటే పొడవుగా ఉండక తప్పదు. పొడవైన గుండు గాలిలో తల్లకిందులు కాకుండా ముక్కు ముందుకే ఉంచి పోవాలంటే మరింత వేగంగా గిరగిరా తిరగాలి. ఆ తిరుగుడు బ్యారెల్ లోపలి మెలికల గాడుల నుంచి వస్తుంది. నా రైఫిల్ బ్యారెల్‌లో మెలిక నిదానం: 12 అంగుళాలకు ఒక చుట్టు. ఈ కాలపు .308 రైఫిళ్లలో చాలావాటికి 10 అంగుళాలకే ఒక చుట్టు ఉంటుంది. సీసంలో 165 లేదా 180 గ్రెయిన్లు వాడిన వేటగాడు రాగిలో ఒక మెట్టు దిగి 150కి రావాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. రాగి గుండు ముక్కలు కాకుండా మొత్తం బరువుతో లోపలికి దిగుతుంది కాబట్టి, బరువు తగ్గించినందువల్ల పోయేదేమీ లేదు. పైగా వేగం పెరుగుతుంది. ఆ వేగం ఎంత అవసరమో ముందుముందు రాస్తాను.

ఏప్రిల్

మొదట చేసిన పని బ్యారెల్ కడగడం. ఏళ్ల తరబడి తొడుగు గుండ్లు కాల్చిన బ్యారెల్ లోపల ఆ తొడుగుల లోహం పలచటి పూతలా పేరుకొని ఉంటుంది. దాని మీదుగా అచ్చంగా రాగితో చేసిన గుండు కాలిస్తే గురి చెదురుతుందని మా పొరుగింటి పెద్దాయన చెప్పారు. ఆయన జీవితమంతా లేతు మిషన్ల మీద పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మెషినిస్టు. వాళ్ల గరాజులో తూటాలు నింపే ప్రెస్సు ఉంది. అమ్మోనియా కలిసిన ద్రావణంలో తడిపిన గుడ్డముక్కను కడ్డీకి గుచ్చి బ్యారెల్‌లో తోసి, కాసేపు నాననిచ్చి, పొడి గుడ్డతో తుడిస్తే, బయటికి వచ్చిన గుడ్డ ముదురు నీలం రంగులో ఉంది. కరిగిన రాగి రంగు అది. మళ్లీ ద్రావణం, మళ్లీ గుడ్డ. నీలం లేత నీలమై, చివరికి గుడ్డ తెల్లగా వచ్చేసరికి చీకటి పడింది. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని తప్పించుకుంటే తర్వాత రాసుకునే ఏ అంకెకూ విలువ ఉండదు.

శాన్ హోసే దక్షిణాన ఉన్న కౌంటీ షూటింగ్ రేంజిలో, నూరు గజాల దూరంలో, బల్ల మీద ఇసుక సంచులు పెట్టి కాల్చాను. ప్రతి రకాన్నీ ముందు రెండు మూడు గుండ్లు ఊరికే కాల్చి, బ్యారెల్ ఆ గుండుకు అలవాటు పడనిచ్చి, ఆ తర్వాతే మూడేసి గుండ్ల గుంపులను, అంటే కాగితం మీద ఆ మూడు చిల్లుల మధ్య ఎడాన్ని, కొలిచాను. బ్యారెల్ వేడెక్కితే గుంపు విచ్చుకుంటుంది కాబట్టి గుంపుకూ గుంపుకూ మధ్య తీరిగ్గా చల్లారనిచ్చాను.

లెక్క ఊహించినట్టే వచ్చింది. బరువైన గుండ్లలో ఒక రకం మూడు అంగుళాల దాకా చెదిరింది. దాన్ని చేసిన కంపెనీ తప్పు అందులో ఏమీ లేదు. ఆ పొడవు గుండుకు ఈ బ్యారెల్ మెలిక చాలదు. కాగితం మీద ఒక చిల్లు గుండ్రంగా కాక కొద్దిగా కోలగా పడింది. గుండు నేరుగా కాక ఒరిగి తగిలిందనడానికి అది గుర్తు. 150 గ్రెయిన్ల రకాలు అంగుళంన్నర దగ్గర నిలిచాయి. రెండు వందల గజాల్లోపు జింకను కాల్చేందుకు అంగుళంన్నర నిజానికి సరిపోతుంది. ఇక్కడితో ఆపినా ఆగస్టులో నిశ్చింతగా వేటకు వెళ్లవచ్చు. చేత్తో నింపితే ఇంకా మెరుగవుతుందని పెద్దాయన అన్నారు. ఈ రైఫిల్‌తో పదేళ్లయినా గడపదలచిన నాకు అది నేర్చుకోవాలనే అనిపించింది.

మే

పెద్దాయన గరాజులో శనివారాలు. కళ్లద్దాలు పెట్టుకోకుండా ప్రెస్సు దగ్గరికి రానివ్వరు; తుపాకీ మందు డబ్బా ఒక్కటి మించి బల్ల మీద ఉండనివ్వరు; పని జరుగుతుండగా మాటలు పనికిరావు, రేడియో అసలే పనికిరాదు. ఇవన్నీ ఆయన పెట్టిన నియమాలు. అన్నీ ప్రాణాలు కాపాడేవే.

తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి కేసు, అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. నా రైఫిల్‌లోనే కాలిన ఖాళీ కేసులను కడిగి, అచ్చులో నొక్కి తిరిగి కొలతకు తెచ్చి, మూతి పొడవు సరిచేసి, ప్రైమర్ ఎక్కించి, మందు తూచి పోసి, గుండు కూర్చోబెట్టాలి. వినడానికి సులువే. రాగి గుండుతో రెండు చోట్ల జాగ్రత్త మారుతుంది.

మొదటిది మందు. ఎన్ని గ్రెయిన్ల మందు పోశానో ఇక్కడ కావాలనే రాయడం లేదు. సీసపు గుండుకు అచ్చువేసిన లెక్కను అదే బరువున్న రాగి గుండుకు వాడటం ప్రమాదకరం. రాగి గుండు పొడవైనది కాబట్టి కేసు లోపలికి ఎక్కువగా దిగి మందు ఉండే చోటును ఆక్రమిస్తుంది. గట్టి లోహం కాబట్టి బ్యారెల్ గాడుల్లోకి సీసమంత తేలిగ్గా ఒదగదు. రెండింటివల్లా లోపలి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి మన ముఖం పక్కనే పుడుతుంది. కాబట్టి గుండు తయారుచేసిన కంపెనీ ఆ గుండుకే ప్రత్యేకంగా ప్రచురించిన పుస్తకం తెరిచి, అందులోని అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మెట్టులోనూ కాలిన కేసునూ ప్రైమర్‌నూ పరిశీలించాను. పుస్తకంలోని గరిష్ఠ మోతాదుకు చాలా ముందే గుంపు బిగిసింది, అక్కడే ఆగిపోయాను. ఎవరో చెప్పిన మోతాదు ఎంత నమ్మకస్తుడి నోటి నుంచి వచ్చినా, పుస్తకంలో చూడకుండా వాడకూడదు.

రెండోది గుండును ఎంత లోతుకు కూర్చోబెట్టాలన్నది. సీసపు గుండ్లతో గురి కోసం తపించేవారు గుండు ముక్కు బ్యారెల్ గాడులకు దాదాపు ఆనేట్టు పెడతారు. రాగి గుండుకు ఆ పద్ధతి నప్పదు. బార్న్స్ కంపెనీ తన గుండ్లకు గాడుల నుంచి 0.050 అంగుళం ఎడంతో మొదలుపెట్టమని సూచిస్తుంది. గుండు నడుము చుట్టూ చెక్కిన గాడులు కూడా ఇందుకు తోడ్పడతాయి. 1980ల చివర్లో వచ్చిన వారి మొదటి రాగి గుండుకు అవి లేవు. బ్యారెల్‌లో రాగి విపరీతంగా పేరుకుపోతోందని వాడకందారులు వాపోయేవారు. తర్వాత వచ్చిన టీఎస్‌ఎక్స్‌లో ఆ గాడులు చెక్కాక రాపిడీ ఒత్తిడీ రెండూ తగ్గాయి.

సూచించిన ఎడంతో మొదలుపెట్టి, మరికొంత లోతుగా దించి పరీక్షిస్తే, ఒక లోతు దగ్గర మూడు చిల్లులూ ఒకదానికొకటి తాకుతూ పడ్డాయి. గుంపు అంగుళం లోపలికి వచ్చింది. వేగం కొలిచే క్రోనోగ్రాఫు సెకనుకు 2750 అడుగులకు కాస్త అటూ ఇటూగా చూపింది, తూటాకూ తూటాకూ తేడా స్వల్పం. ఆ కొలతలన్నీ నోటుపుస్తకంలో రాసి, గుండ్ల పెట్టె లేబులును కత్తిరించి నింపిన తూటాల డబ్బా మూతకు లోపలివైపు అంటించాను. చేత్తో నింపిన తూటా చూసి అది సీసమా రాగా అని వార్డెన్ (వేట నియమాలు తనిఖీ చేసే అధికారి) అడిగితే చూపడానికి ఏదో ఒకటి ఉండాలి.

జూన్

గురి కుదిరింది. తగిలాక గుండు ఏం చేస్తుందో చూడాలి.

రాంచ్‌లో మట్టి గట్టు ముందు గాలన్ నీళ్ల ప్లాస్టిక్ డబ్బాలను వరుసగా పేర్చాను. మొదట నేను నింపిన 150 గ్రెయిన్ల రాగి తూటా కాల్చాను. ముందు డబ్బా పేలి నీళ్లు ఆకాశానికి ఎగిరాయి. గుండు నాలుగు డబ్బాలు దాటి అయిదోదానిలో దొరికింది. దాని ముక్కు నాలుగు రేకులుగా చీలి వెనక్కి మడుచుకొని, విచ్చిన పువ్వులా ఉంది. రేకుల అంచులు పదును, వేలికి గుచ్చుకున్నాయి. పెద్దాయన త్రాసు మీద పెడితే తూకంలో చెప్పుకోదగ్గ తరుగే లేదు.

తర్వాత బీరువాలోంచి పాత పెట్టె తెచ్చాను. అదే బరువున్న సీసపు తూటా, అదే దూరం. వేటలో కాదు కాబట్టి దాన్ని డబ్బాల మీద కాల్చడానికి చట్టం అడ్డు రాదు. అయినా ఆ రోజు రాంచ్‌లో వేట ఆలోచన పెట్టుకోలేదు, వేట సామాను తీసుకురాలేదు. మూడో డబ్బాలో దొరికిన గుండు సగం నలిగిన ముద్ద. త్రాసు మీద మూడింట రెండు వంతులు కూడా తూగలేదు. మిగతాది ఎక్కడ పోయిందో తెలుసుకోవాలని, రబ్బరు తొడుగులు వేసుకొని, పగిలిన డబ్బాల అడుగున మిగిలిన నీళ్లను తెల్లటి పాత పంచె ముక్క మీద వడగట్టాను. ఎండలో ఆరాక ఆ గుడ్డ మీద బూడిదరంగు నలకలు. కొన్ని బియ్యపు నూకంత, కొన్ని ఆవగింజంత, చాలా మటుకు కంటికి ఆననంత చిన్నవి. గోటితో నొక్కితే మెత్తగా అణిగాయి. మాంసం కోసేటప్పుడు వీటిని చేత్తో తడిమి ఏరేయగలనని ఇంతకాలం అనుకునే వేటగాళ్లను నేను చూశాను. ఆ గుడ్డను ఫోటో తీసి నా భార్యకు పంపాను. “ఇక ఆ పాత పెట్టెలు మన ఇంట్లో ఉండొద్దు, రేపే ఎక్కడైనా అప్పగించి రండి” అని జవాబు వచ్చింది. గుడ్డను మూటగట్టి కౌంటీ వారి ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రంలో అప్పగించాను.

వేగం మాట మిగిలిపోయింది. రాగి గట్టిది కాబట్టి రేకులు విచ్చుకోవాలంటే తగినంత వేగంతో తగలాలి. రకాన్ని బట్టి సెకనుకు 1800 నుంచి 2000 అడుగులకు తగ్గకూడదు. వేగం చాలకపోతే గుండు విచ్చుకోకుండా సన్నటి చిల్లు చేసుకుంటూ అవతలికి పోతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. నా తూటా వేగం మూడు వందల యాభై గజాలు దాటాక 2000కి పడుతుందని లెక్కలో తేలింది. ఎముకలు, గాలి, నా చేతి వణుకు అన్నీ కలుపుకొని, రెండు వందల గజాలు దాటితే ట్రిగ్గర్ నొక్కకూడదని నియమం పెట్టుకున్నాను. రాగి తూటా సరిగా చంపదని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది, సీసానికి అలవాటుపడిన దూరాలనూ బరువులనూ మార్చకుండా గుండు ఒక్కదాన్నే మార్చినవారే అని నా అభిప్రాయం.

జులై

కాలిఫోర్నియాలో అడవి పందుల వేటకు సీజన్ లేదు, ఏడాది పొడవునా చేసుకోవచ్చు. ఒకప్పుడు పందికొక ట్యాగు కొనాల్సి వచ్చేది. 2024 జులై నుంచి లైసెన్సు మీద ఒక్క అనుమతి తీసుకుంటే చాలు. రాంచ్ యజమాని వాగు పక్క గడ్డి నేలనంతా పందులు దున్నేస్తున్నాయని కబురు పెట్టారు. జింకల కంటే ముందు తూటాను పరీక్షించడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. పంది భుజం మీది తోలూ కొవ్వూ దళసరివి, ఎముక గట్టిది.

పొద్దు పొడిచేవేళ వాగు దాటి ఎక్కుతున్న మందలో మధ్యరకం పంది ఒకటి నూట ఇరవై గజాల దగ్గర పక్కకు తిరిగి నిలబడింది. వెనక మట్టి కొండ ఉంది. రాగి గుండు ఒళ్లు దాటి అవతలికి పోతుంది, రాతికి తగిలితే పక్కకు చెదురుతుంది. అందుకని వెనక ఏముందో చూసుకోవడం సీసంకంటే ఇక్కడ మరింత ముఖ్యం. భుజం వెనక కాల్చాను. నలభై గజాలు పరుగెత్తి పడిపోయింది. కోసి చూస్తే గుండు రెండు ఊపిరితిత్తులనూ దాటి బయటికి పోయింది. బయటి రంధ్రం రూపాయి నాణెమంత. పక్కటెముకల దగ్గర రక్తం గడ్డకట్టి పారేయాల్సిన మాంసం చాలా తక్కువ. పంది నుంచి బ్రూసెల్లా అనే బాక్టీరియా సోకే అవకాశం ఉంది కాబట్టి కోసేంతసేపూ తొడుగులు తీయలేదు. వండేటప్పుడు లోపలి వేడి 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేదాకా ఉడికించాం. గోంగూరతో వండిన ఆ కూరను ఈసారి నా భార్య ఏమీ అడగకుండా పిల్లలకు వడ్డించింది.

పేగులను అక్కడే, కొండ వాలున వదిలేశాను. సీసం లేని పేగులు పూడ్చిపెట్టాల్సినవి కావు. కాండార్‌లకూ కొయొటీలకూ అవి మంచి ఆహారం. వేటగాళ్లు వేటాడటం మానేస్తే కాండార్‌లకు మేలని కొందరు అంటారు గానీ, కళేబరాలు తిని బతికే పక్షికి విషం లేని వేట కూడా ఒక ఆధారమే. ఆరిజోనాలో కైబాబ్ పీఠభూమి వేటగాళ్లకు 2005లో ప్రభుత్వమే సీసం లేని తూటాలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ నిషేధం లేకపోయినా అత్యధికులు స్వచ్ఛందంగా పాటిస్తున్నారు. కారణం చెప్పి, తూటా చేతికిస్తే వేటగాళ్లు వినరనే మాట నిజం కాదు.

ఆగస్టు, మొదటి వారం

జింకల సీజనుకు కావలసిన తూటాలు నింపి, ఒక్కొక్కటీ రైఫిల్‌లో ఎక్కించి దించి సరిచూసి డబ్బాలో పెట్టాను. నూరు గజాల దగ్గర గురి అంగుళంన్నర ఎత్తుకు సరిచేశాను. .308 పని ముగిసింది.

రాంచ్ యజమాని దగ్గర ఇంకో పని మిగిలింది. పశువుల కాళ్లు విరిగేలా బొరియలు తవ్వే నేల ఉడుతలను ఆయన .22 రైఫిల్‌తో కాలుస్తారు. చచ్చిన ఉడుతలు బయలులో అలాగే పడి ఉంటాయి, కాండార్‌కు అవి కూడా తిండే. చట్టం వాటికీ వర్తిస్తుంది. కానీ .22లో సీసం లేని తూటా దొరకడం కష్టం, దొరికినవాటి గుండు బరువు బాగా తక్కువ. సీసీఐ వారి కాపర్-22 గుండు 21 గ్రెయిన్లే, సీసపుది మామూలుగా 40. ఆయన పాత .22లో ఆ తేలిక గుండు నిలకడగా పోవడం లేదు. నా సలహా .17 హెచ్‌ఎంఆర్ అనే, ఇంకా సన్నటి గుండు ఉండే తూటాకు మారమని. అందులో హార్నడీ వారి 15.5 గ్రెయిన్ల ఎన్‌టీఎక్స్ వంటి సీసం లేని గుండ్లు ఉన్నాయి, ఆ తూటా మొదటి నుంచీ తేలిక గుండు కోసమే పుట్టింది. మధ్య కాలిఫోర్నియాలో వేటగాళ్లకూ రాంచ్ యజమానులకూ సీసం లేని తూటాలు ఉచితంగా ఇచ్చే కార్యక్రమాన్ని వెంటానా వైల్డ్‌లైఫ్ సొసైటీ 2012లో మొదలుపెట్టింది. వాళ్లకు ఆయన తరఫున దరఖాస్తు పంపాను. .17 రైఫిల్ ఒకటి వచ్చే నెల అరువు తెచ్చి, యాభై గజాల దగ్గరా నూరు గజాల దగ్గరా గుంపులు కొలిచి, ఆ అంకెలు ఆయన ముందు పెడతాను.